తీసుకోలేదని రాసిన కాగితాలు

కోర్టు సమన్లు ఇళ్ళకు చేర్చడం ముప్పయ్యొక్క ఏళ్ళపాటు నా ఉద్యోగం. పల్లెలో పదో తరగతి చదివి పట్నం వచ్చినవాణ్ణి. పెద్దగా మాట్లాడను, ఈ పనికి మాట అక్కర్లేదు కూడా. తలుపు తట్టాలి, పేరు అడగాలి, ఒక ప్రతి చేతికిచ్చి రెండో ప్రతి మీద సంతకం తీసుకోవాలి. ఆ రెండో ప్రతి వెనక ఏం జరిగిందో ఒక్క వాక్యం రాసి సెక్షన్లో అప్పజెప్పాలి. తీసుకున్నారు అనో, ఇంట్లో లేరు అనో, తీసుకోవడానికి నిరాకరించారు అనో. నా సర్వీసంతా కలిపి నేను రాసింది ఈ మూడు వాక్యాలే.

ఆ అమ్మాయి మా సెక్షన్‌కి వచ్చేనాటికి నాకింకా మూడేళ్ళ ఉద్యోగం ఉంది. చేతిలో జడ్జిగారి అనుమతి కాగితం, భుజాన బరువైన సంచీ, కాళ్ళకు అరిగిన చెప్పులు. చెప్పులు చూసి నాకు కొంత నమ్మకం కలిగింది. హెడ్ గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, ఈవిడ చట్టం, సమాజం అనే శాఖలో డాక్టరేటు చేశారు, ఇప్పుడు విశ్వవిద్యాలయంలోని ఒక కేంద్రం రెండేళ్ళ ఫెలోషిప్ ఇచ్చింది, మనమందరం సహకరించాలి అని చెప్పాడు. డాక్టరేటు అయిపోయాక మళ్ళీ చదువేమిటండీ అని ఒకటో అంతస్తు అడిగాడు. వాడూ నాలాగే సమన్లు తిప్పేవాడు. లిఫ్టు లేని భవనంలో ఒకటో అంతస్తు దాటి పైకెక్కిన పాపాన పోలేదు కాబట్టి వాడికి ఆ పేరు ఖాయమైంది. ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు. ఉద్యోగం దొరికేదాకా చదివే చదువండీ ఇది అంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ, మందులు రాయని డాక్టరుకు పై చదువు కూడానా అంది. నీ వెనకాల వీధులు తిరగడమే పరిశోధన అయితే నీకు ఈపాటికి రెండు డాక్టరేట్లు రావాలి అని కూడా అంది.

ఆ అమ్మాయి పట్టుకొచ్చిన ప్రశ్న చిన్నది. కోర్టు పిలిస్తే జనం ఎందుకు రారు? పిలుపు అందినా రాని వాళ్ళ మీద ఏకపక్షంగా తీర్పు అయిపోతుంది. ఇల్లు పోవచ్చు, కొట్టు పోవచ్చు. అలా పోతుందని తెలిసీ ఎందుకు రారన్నది ఆమె తేల్చాలి. మొదటి ఏడాది నివేదిక బాగుంటేనే రెండో ఏడాది ఫెలోషిప్ ఉంటుంది. రెండో ఏడాది కూడా గట్టెక్కితే ఆ కేంద్రంలోనే పక్కా ఉద్యోగానికి పిలుస్తారట. ఈ సంగతి ఆమె నాకు మూడో రోజే చెప్పింది. తండ్రి లేడు, తల్లి ఎక్కడో స్కూల్లో ఆఫీసు పని చేసి చదివించింది. ఇంకా ఎన్నాళ్ళు చదువుతావే అని తల్లి ఫోన్లో అడిగినప్పుడల్లా, ఇదే ఆఖరు అని చెబుతోందట.

మొదట్లో ఒక అంగీకార పత్రం చదివి వినిపించింది. ఒక్కో వాక్యం చదివి, అర్థమైందా అండీ అని ఆగేది. మీ పేరు ఎక్కడా రాయను. రికార్డరు నడుస్తున్నప్పుడు చెప్పినదే వాడుకుంటాను. రికార్డరు ఆపమని చెప్పి మీరేమైనా చెబితే, విడిగా మీరు సంతకం పెడితే తప్ప, దాన్ని ఎక్కడా రాయను, ఎవరికీ చెప్పను. అలా ఉంది. నేను సంతకం పెట్టాను. అన్నేళ్ళ సర్వీసులో నేను సంతకాలు పెట్టించుకోవడమే గాని, నా ముందు కాగితం పెట్టి నాకు అర్థమైందా అని అడిగిన వాళ్ళు లేరు.

ఆ తరవాత ఏడెనిమిది నెలలు నాతోపాటే తిరిగింది. నాకు తెలిసిందంతా నేర్పాను. తలుపు తట్టే ముందు గుమ్మం ముందు చెప్పులు చూడాలి. తాళం వేసున్నా కరెంటు మీటరులో చక్రం జోరుగా తిరుగుతుంటే లోపల ఎవరో ఉన్నట్టే. ఆరేసిన బట్టల్లో పెద్దవాళ్ళవి ఉన్నాయా, పిల్లలవేనా చూడాలి. తలుపుకు ఎదురుగా నిలబడకూడదు, వారగా నిలబడితే లోపలివాళ్ళు బెదరరు. అన్నీ రాసుకునేది. మొదట సార్ అనేది, నా ముఖం చూసి మానేసింది. తరవాత ఎప్పుడో బాబాయ్ అయ్యాను. ఎండలో తిరిగి తిరిగి వచ్చి కోర్టు ఎదురుగా టీ తాగేటప్పుడు, బాబాయ్, మీరు ఈ రోజు మొత్తం పదకొండు మాటలు మాట్లాడారు, లెక్కపెట్టాను అనేది. ఒకటో అంతస్తు అందుకుని, అందులో నాలుగు టీవాడితోనేనమ్మా అనేవాడు.

తిరగడం అయ్యాక మధ్యాహ్నాలు రికార్డు గదిలో కూర్చునేది. పదేళ్ళ సమన్ల రెండో ప్రతులు దుమ్ము దులిపి, ఒక్కొక్కటి వెనక్కి తిప్పి చూసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేది. ఒకరోజు ముక్కుకు గుడ్డ కట్టుకున్నది కట్టుకున్నట్టే నా దగ్గరకొచ్చింది. గుడ్డ పైన కళ్ళు మెరుస్తున్నాయి. నేనూ ఒకటో అంతస్తూ తిరిగిన వీధుల్లోనే నిరాకరించినవాళ్ళు రెండువందల పద్నాలుగు మంది ఉన్నారని చెప్పింది. వీళ్ళు కాగితం అందక రానివాళ్ళు కాదు, కాగితాన్నే వద్దన్నవాళ్ళు. పై అంతస్తుల్లో వద్దనేవాళ్ళు ఎక్కువ. వానాకాలంలో ఎక్కువ. ఊరి చివర బస్తీల్లో ఇంకా ఎక్కువ. దీని వెనక ఏదో ఉంది బాబాయ్ అంది. మామూలు మనిషి కోర్టు మొహాన తలుపు వేయడం కూడా ఒక రకం జవాబేనంది.

దాని వెనక ఏముందో నాకు తెలుసు.

ఇంట్లో లేరు అని రాస్తే హెడ్ గుమాస్తా మళ్ళీ వెళ్ళమంటాడు. మళ్ళీ లేరంటే ఇంకోసారి. ఒక్క కాగితానికి మూడు తిరుగుళ్ళు. నిరాకరించారు అని రాస్తే ఒక్కసారితో సరి. వద్దన్నా అందినట్టే లెక్క. రోజుకు ముప్పై కాగితాలు చేతిలో పెట్టి, సాయంత్రానికి తేల్చుకు రమ్మనేవాళ్ళు. వాన పడుతుంటేనో, మెట్లు ఎక్కువుంటేనో, బస్సు ఆఖరి స్టాపు దాటి నడవాల్సొస్తేనో, మేము టీ కొట్టు దగ్గరే కూర్చుని ఆ వాక్యం రాసేవాళ్ళం. సాక్షి సంతకం కావాలి గనక, పక్కనే రేకుల కింద తాళాలు బాగుచేసే అతని చేత పెట్టించేవాళ్ళం. అతను కాగితం చూసేవాడు కూడా కాదు. ఒక చేత్తో ఆకురాయి పట్టుకునే రెండో చేత్తో గీకేవాడు.

రెండువందల పద్నాలుగులో సగం ఇలాంటివే. సగం కంటే ఎక్కువేనేమో. ఆ రోజే చెప్పి ఉంటే ఆమెకు మూడు నెలలు చేతిలో ఉండేవి. ప్రశ్న మార్చుకునేది, ఇంకో దారి చూసుకునేది. నేను నోరు మెదపలేదు. అంతటితో ఊరుకున్నా ఒక తీరు. ఊరుకోలేదు.

ఆ కట్టల్లో ఒక దర్జీ ఆవిడ కాగితం ఉంది. అద్దె గది ఖాళీ చేయమని ఇంటాయన వేసిన కేసు. ఏకపక్షంగా తీర్పు అయి, కుట్టు మిషను వీధిలో పెట్టించారు. సమన్ల వెనక రాత నాదే. ఆ మనిషి ఇప్పుడెక్కడుందో ఆ అమ్మాయి చాలా వెతికింది, దొరకలేదు. అప్పుడు నన్ను పట్టుకుంది. రికార్డరు బల్ల మీద పెట్టి, ఆ రోజు ఆవిడ ఏమంది బాబాయ్, గుర్తు తెచ్చుకోండి అని అడిగింది.  ఆమె అలాగే చూస్తోంది. చివరికి, తలుపు సగమే తీసింది, మెడలో కొలతల టేపు వేలాడుతోంది, నీ కోర్టుతో నాకేం పని, తీసుకుపో అంది అని చెప్పాను. ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ మాటలు. ఆ వీధికి నేను వెళ్ళనే లేదు. ఆ రోజంతా వాన.

ఆ అమ్మాయి చాలాసేపు రాసుకుంది. మీరింత మాట్లాడటం ఇదే మొదటిసారి అంది.

ఆ మెడలో టేపుతోనే ఆమె వ్యాసం మొదలైంది. మొదటి ఏడాది నివేదిక చిత్తుప్రతి అందరికీ నచ్చింది. పేరున్న పత్రిక ఒకటి వ్యాసం వేసుకుంటామని రాసింది. కేంద్రం పెద్ద ప్రొఫెసరు, నీకిక్కడ కుర్చీ ఖాయమన్నాడట. బిస్కెట్ల డబ్బా ఒకటి మా సెక్షన్‌కి తెచ్చింది. బిస్కెట్లు ఒకటో అంతస్తు పంచాడు. మన పేరు లేకపోయినా మన మెట్లు అచ్చులోకి ఎక్కుతున్నాయి అన్నాడు నాతో మెల్లగా. వాడు నవ్వాడు గాని నేను నా బిస్కెట్టు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

తరవాత రెండు వారాలకు ఆమె హాస్టలు గది తాళంచెవి పోగొట్టుకుంది. కోర్టు ఎదురుగా రేకుల కింద తాళాలతని దగ్గరే కొత్తది చేయించుకుంది. ఫెలోషిప్ ఖర్చులో చూపించాలని రసీదు అడిగితే, అతను చిత్తు కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాడు. మొదట ఒక గుండ్రం, దాన్నుంచి కిందికి వంపు తిరిగిన తోక. ఆ సంతకాన్ని ఆమె నూటపన్నెండు కాగితాల వెనక చూసి ఉంది. ఆఖరి స్టాపు దాటిన బస్తీలో, నాలుగో అంతస్తులో, ఏటి అవతల కాలనీలో, అన్నిచోట్లా అతనే సాక్షి.

మర్నాడు ఉదయం సెక్షన్లో ఇంకెవరూ రాకముందే వచ్చింది. రసీదు బల్ల మీద పెట్టింది. పక్కన నాలుగు సమన్ల నకళ్ళు పెట్టింది. రికార్డరు తీసి మీట నొక్కింది. 

"అది ఆపు తల్లీ," అన్నాను.

ఆపింది. అప్పుడు చెప్పాను. మూడు తిరుగుళ్ళ సంగతి, వాన సంగతి, మెట్ల సంగతి, సాక్షి సంగతి. దర్జీ ఆవిడ సంగతి ఆఖరున చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె తన చేతివేళ్ళకంటిన సిరా గోటితో గీకుతూ ఉంది.

"మెడలో టేపు?" అంది.

"దర్జీలు వేసుకుంటారు గదా అని."

తల ఊపింది. కోపం లేదు ముఖంలో. లెక్క తప్పిందని తెలిశాక మళ్ళీ మొదటి వరస నుంచి కూడుకుంటున్న మనిషిలా ఉంది. కాసేపటికి, నిజానికి ఇదే అసలు విషయం బాబాయ్ అంది. జనం రాకపోవడం కాదు, పిలుపే వెళ్ళకపోవడం. ఇది రాస్తే ఇంతకుముందు రాసినదానికంటే పదిరెట్లు పనికొస్తుంది. మొదట రాసింది వెనక్కి తీసుకుంటాను, పొరపాటు పడ్డానని నేనే చెబుతాను, దాని బదులు ఇది ఇస్తాను. రెండో ఏడాది ఫెలోషిప్ కోసం నివేదిక తుది ప్రతి పది రోజుల్లో ఇవ్వాలి. మీ సంతకం కావాలి.

సంచీలోంచి రెండో పత్రం తీసింది. రికార్డరు ఆపి చెప్పినది వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను అని ఉంది అందులో. పేరు రాయనని మళ్ళీ చెప్పింది. రాయకపోయినా ఏం లాభం? ఈ కోర్టులో సమన్లు తిప్పేవాళ్ళం నలుగురం. సాక్షి ఒక్కడు. రెండు రోజుల్లో ఎవరెవరో తేలిపోతుంది. పాత తీర్పులన్నీ తిరగదోడతారు. నా ఉద్యోగం ఇంకా రెండేళ్ళు ఉంది. ఒకటో అంతస్తుకు ఇద్దరు ఆడపిల్లలు చదువులో ఉన్నారు. ఇవన్నీ నేను పైకి అనలేదు. చూసి చెబుతాను అన్నాను.

పత్రం ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. సంగతి చెప్పాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తరవాత, "పెడితే నీకు పోతుంది, పెట్టకపోతే ఆ పిల్లకు పోతుంది. ఎటైనా నన్నడిగి నా నెత్తిన రుద్దుదామనుకోకు," అంది. పత్రం మడిచి నా చొక్కా జేబులోనే పెట్టింది.

ఆమె మళ్ళీ అడగలేదు. రోజూ వచ్చేది, రికార్డు గదిలో కూర్చునేది, మధ్యాహ్నం టీకి మాతో కలిసేది. జేబు వంక కూడా చూసేది కాదు. ఒత్తిడి చేయకూడదని వాళ్ళ నియమమట, అదీ మొదటి రోజు చదివిన దాంట్లో ఉంది. ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే పెట్టేవాణ్ణని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.

తొమ్మిదో రోజు, పదో రోజు సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదని కబురు చేశాను. పదో రోజు ఇంట్లో కూర్చుని పాత గొడుగు ఊచలు బాగుచేసుకున్నాను. సాయంత్రం అయిదు కొట్టింది. ఆఫీసులు మూసే వేళ దాటిపోయింది కదా అని మా ఆవిడ వంటింట్లోంచే అడిగింది. అవునన్నాను.

ఆ అమ్మాయి చేసిన పని నాకు ఆ తరవాత హెడ్ గుమాస్తా ద్వారా తెలిసింది. అచ్చుకు వెళ్ళబోతున్న వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. నివేదికలోంచి ఆ అధ్యాయం తీసేసింది. అది లేకపోతే మిగిలింది పాతిక పేజీలు. పెద్ద ప్రొఫెసరు పిలిచి, ఎందుకు తీశావని అడిగాడట. ఆధారం నిలవదు అందట. ఎందుకు నిలవదు అంటే, చెప్పలేను అందట. ఏదో ఒకటి చెప్పమ్మా, నేను కమిటీకి ఏం చెప్పుకోను అని ఆయన విసుక్కున్నాడట. చెప్పలేదు. అబద్ధమని తెలిశాక అది వేయలేదు. నిజం తెలిసీ నా సంతకం లేదు గనక అదీ వేయలేదు. ఏడాదిపాటు కోర్టు చుట్టూ తిరిగి ఏమీ తేల్చలేకపోయిందని రాసి ఫెలోషిప్ ఆపేశారు. మనవాళ్ళ కాగితాల్లో ఏ తప్పు దొరికిందో ఏమో, పాపం పెద్ద మనసుతో వదిలేసింది అన్నాడు హెడ్ గుమాస్తా, నా వైపు చూడకుండా.

వెళ్ళేముందు సెక్షన్‌కి వచ్చింది. రికార్డు గది తాళంచెవి హెడ్ గుమాస్తాకు అప్పజెప్పింది. కట్టలన్నీ తాను విప్పినప్పటికంటే బాగా కట్టి, తేదీల ప్రకారం చీటీలు అంటించి పెట్టింది. ఒకటో అంతస్తు, ఇంకెప్పుడొస్తావమ్మా అంటే, సమన్లు పంపితే వస్తాను అంది. అందరూ నవ్వారు. నేను గేటుదాకా వెళ్ళాను. సంచీ నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

"నేను చెప్పకపోయినా బాగుండేది," అన్నాను.

"చెప్పకపోతే తప్పు అచ్చయ్యేది బాబాయ్."

"ఉద్యోగం ఉండేది."

"ఉండేది." సంచీ భుజం మార్చుకుంది. "నాలుగు నెలల కింద చెప్పి ఉంటే రెండూ ఉండేవి. ఆ ఒక్కటే అనిపిస్తోంది."

అంతే అంది. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది.

నేను రిటైరయ్యాను. దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. ఒక్క కాగితం కూడా పోగొట్టని మనిషి అని హెడ్ గుమాస్తా మాట్లాడాడు. తాళాల అతను అంతకు ముందే పోయాడు. ఒకటో అంతస్తు ఇద్దరు పిల్లలకూ ఉద్యోగాలొచ్చాయి. నన్ను పట్టి ఆపేదేదీ మిగల్లేదు. పెన్షను మొదలైన రెండో నెలలో ఆ పత్రం తీసి సంతకం పెట్టాను. మడతల దగ్గర చిరుగు పడితే లోపల అంటుకాగితం వేశాను. ఆ విశ్వవిద్యాలయం కేంద్రానికి వెళ్ళాను.

ముందుగదిలో కంప్యూటరు దగ్గర కూర్చున్న ఆవిడ పత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ పరిశోధన మూసేసి రెండేళ్ళయింది, నియమం ప్రకారం రికార్డింగులూ నోట్సులూ చెరిపేశారు అంది. ఈ సంతకం ఇప్పుడు దేనికీ జత చేయలేమండీ అంది. మర్యాదగానే చెప్పింది. ఆ అమ్మాయి కూర్చున్న గది చూడొచ్చా అని అడిగాను. కారిడారు చివర ఉంది. తలుపు మీద ఇంకెవరిదో పేరు. లోపల ఒక కుర్రాడు గోడకు రంగు చీటీలు అంటిస్తున్నాడు. కొత్త ఫెలో అట. ఆయనది కూడా రెండేళ్ళేనట. ఆ అమ్మాయి ఫోను నంబరు మాత్రం వెతికి ఇచ్చారు.

ఇంటికొచ్చి, ఏమనాలో రెండు మూడుసార్లు లోపల అనుకుని ఫోన్ చేశాను. నా గొంతు వెంటనే గుర్తుపట్టింది. బాబాయ్ అంది. ఒక కంపెనీలో ఒప్పంద పత్రాలు సరిచూసే పని చేస్తోంది. తల్లి ఆమె దగ్గరే ఉంటోంది. చదువు పక్కన పెట్టేశాను, ఆ దారిలో మధ్యలో రెండేళ్ళు ఖాళీ వస్తే మళ్ళీ ఎవరూ పిలవరు అంది. బాధగా చెప్పలేదు, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది.

"సంతకం పెట్టానమ్మా," అన్నాను.

 అవతల ఎవరో ఆమెను పిలిచారు, వస్తున్నానని వాళ్ళకు చెప్పింది.

"దాన్ని ఇప్పుడు నేనేం చేసుకోను బాబాయ్," అంది. నెమ్మదిగా, నాకే సర్దిచెబుతున్నట్టు అంది.

"నువ్వు రాసుకోవచ్చు. ఎక్కడైనా."

"నా దగ్గర ఒక్క ముక్క లేదు. అన్నీ అప్పజెప్పేశాను. మీరు చెప్పింది గుర్తుంది. గుర్తున్నదాన్ని ఎవరు నమ్ముతారు? మీరే చెప్పాలనుకుంటే మీ కోర్టుకే చెప్పండి. ఆ దర్జీ ఆవిడ ఎక్కడుందో వాళ్ళు వెతకగలరు. నేను వెతికాను, నా వల్ల కాలేదు."

అది నాకు తట్టలేదు. ఇన్నేళ్ళూ నేను పోగొట్టింది ఆ అమ్మాయి ఉద్యోగం ఒక్కటే అన్నట్టు మోస్తూ వచ్చాను. ఆమె మనసులో ఉన్నది ఇంకొకరు.

చెబుతాను అన్నాను. ఆరోగ్యం ఎలా ఉంది, పిన్ని ఎలా ఉంది అని అడిగింది. బాగున్నామన్నాను. పని ఉంది, ఉంటాను బాబాయ్ అంది.

ఫోను పెట్టాక మా ఆవిడ వచ్చి ఏమంది అని అడిగింది. మన ఆరోగ్యం అడిగింది అన్నాను. అంతేనా అంది. అంతే అన్నాను. ఆమె నా ముఖం చూసి లోపలికి వెళ్ళింది. కోర్టు మా ఇంటికి రెండు బస్సుల దూరం. ఇది జరిగి మూడు వారాలయింది. ఇంకా బస్సెక్కలేదు, కోర్టుకని రోజూ చొక్కా మాత్రం వేసుకుంటున్నాను.